దివిసీమ దీవి ప్రజలు – వారి జనసంఖ్యయు, పంచాయతీ పాలనమును

2024 సంవత్సరము సెప్టెంబరు 1 వ తేదీనాటి వర్షమును మన సభ్యులెవ్వరును మరచి యుండరు. ఆనాడు కేసముద్రము, ఇంటికన్నె స్టేషనుల నడుమ రైలుకట్ట మన్ను కొట్టుకొనిపోయి పట్టాలు గాలిలో వ్రేలాడినవి. మున్నేరు పొంగి ఖమ్మము పట్టణమునందలి పల్లపు వీథులను ముంచెత్తినది. మరునాడు, అనగా 2 వ తేదీని, విజయవాడయొద్ద ప్రకాశము బరాజునుండి 11 లక్షల 43 వేల క్యూసెక్కుల నీరు దిగువకు పోయినది. 2009 అక్టోబరులో వచ్చిన పెద్ద వఱదయు దీనికి తక్కువయే. ఆ నీరంతయు మనదని మేము చెప్పబోము. అందు పై కృష్ణనుండి వచ్చినదియు, పాలేరు, వైరా మున్నగు వాగులు తెచ్చినదియు కలదు. అయినను పాకాల దిక్కున బయలుదేరి మన మానుకోట పల్లములమీదుగా పోయెడి మున్నేటి నీరు కృష్ణలోనే కలియుచున్నది గనుక మన పొలముల గట్లు తెంపిన వాన అందొక భాగమనుట నిజము.

ఆ నీరు బరాజు దాటిన పిమ్మట ఎవరి వాకిటికి పోవునని ఒకరిద్దరు సభ్యులు మమ్మడిగిరి. బెజవాడ దాటిన తరువాత సముద్రమే యని పలువుర తలంపు. నడుమ నొక దీవి యున్నది. దానిని దివిసీమ యందురు. ఆ దీవిలో మనుష్యులెందరు, వారిని పాలించు పంచాయతీలు ఎట్లేర్పడినవి, జనసంఖ్యకును పాలనమునకును గల సంబంధమేమి యను విషయమును ఈ నెల వ్రాయ సంకల్పించితిమి. మెట్టప్రాంతపు రైతులకు దీవి కథ యెందుకని కొందఱనవచ్చును. చివరివఱకు చదివినచో మన తండాల, గూడెముల సంగతియు ఇందులోనే కలదని తెలియును.

విజయవాడకు దిగువను సుమారు 60 కిలోమీటర్ల దూరమున పులిగడ్డ యను గ్రామము కలదు. అచ్చట కృష్ణానది రెండు పాయలుగా చీలును. ఆ పాయలకును బంగాళాఖాతమునకును నడుమ చిక్కిన నేలయే దివి. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు మండలములు ఆ దీవిలోనివి. వాడుకలో చల్లపల్లి, మోపిదేవి, ఘంటసాల మండలములనుగూడ దివిసీమలోనే చేర్చి చెప్పుదురు. అవనిగడ్డ శాసనసభా నియోజకవర్గము ఈ ఆఱు మండలములతోనే కూడియున్నది. నదీముఖమున దీవిలోనుండి మఱల చిన్నదీవులు విడిపడియున్నవి. నాగాయలంక మండలమునకు చెందిన ఎదురుమొండి దీవులు అట్టివి. ఎదురుమొండి, నాచుగుంట, ఈలచెట్లదిబ్బ అను ఊళ్లవారికి ఏటిమొగ రేవునుండి పడవయో బల్లకట్టో తప్ప దారి లేక తరములు గడచినవి. వంతెనకొఱకు వారు చేసికొన్న మనవులకు లెక్క లేదు.

మనకును ఆ దీవికిని సంబంధము వఱదనీటితోనే మొదలు కాలేదు. మన బయ్యారము పెద్దచెరువును త్రవ్వించిన మైలాంబ కాకతీయ గణపతిదేవ చక్రవర్తికి సోదరి యని చెరువు శాసనమే చెప్పుచున్నది. ఆ గణపతిదేవుడు 13 వ శతాబ్దారంభమున దివిసీమను జయించి, దాని నేలుచుండిన అయ్యవంశపువారి యాడుబిడ్డలైన నారాంబ, పేరాంబలను వివాహమాడెను. వారి సోదరుడగు జాయపను తన గజసేనకు నాయకునిగా నొనర్చెను. నృత్తరత్నావళి యను గ్రంథమును రచించిన జాయప సేనాని ఈతడే. అనగా మనకు చెరువు నిచ్చిన యింటికి దివి అత్తవారి యూరు.

ఇక జనులను గూర్చి. నీటిబట్టి జనము నిలుచుననుటకు దివికంటె మంచి నిదర్శనము లేదు. చుట్టును నీరే యైనను అది త్రాగుటకును పైరునకును పనికిరాని యుప్పునీరు. బావి త్రవ్విన పెక్కుచోట్ల చవుటినీరే తగులును. కృష్ణ ఆనకట్ట 1855 లో పూర్తియైనను కాలువ నీరు ఏటిపాయ దాటి దీవిలోనికి పోజాలకపోయెను. 20 వ శతాబ్దపు మొదటి దశకములో నూనెతో నడుచు యంత్రములను నెలకొల్పి నదినుండి నీరు తోడి దీవి పొలములకు పెట్టిరి. అంతటి నీటియెత్తుడు పని ఆనాటికి మన దేశమున క్రొత్త. తరువాత పులిగడ్డయొద్ద ఏటిపాయమీదుగా అక్విడక్టు కట్టి కాలువనే దాటించిరి. నీరు వచ్చినచోట వరి, వరి వచ్చినచోట కూలి, కూలి యున్నచోట పల్లె. అందుచేత దీవియొక్క ఎగువభాగము, అవనిగడ్డ చుట్టుపట్టులు, గ్రామము ప్రక్క గ్రామముగా నున్నవి. దిగువకు, నాగాయలంక, కోడూరు దాటి సముద్రపు దిక్కునకు పోయినకొలది ఊళ్లు పలుచనై, మడ అడవులును, ఉప్పుకయ్యలును, చేపల చెరువులును కనబడును.

ఎగువను కాపులు, కౌలుదారులు, వ్యవసాయ కూలీలు హెచ్చు. దిగువను వేటపడవలవారు హెచ్చు. ఏటి యొడ్డులను, కాలువగట్లను అంటిపెట్టుకొని యానాదుల కుటుంబములు కలవు. చేపలు, పీతలు పట్టుట వారి బ్రతుకు. ఈ మూడు తెగల జీవనము మూడు విధములు కావున ఒక గ్రామపు జనసంఖ్య ఇంత యని అంకె వేసినంతమాత్రాన ఆ గ్రామము తెలిసినట్లు కాదు. వేటకు పోయినవాడు వారముల కొలది ఇంట నుండడు. వరికోతలకు పైయూళ్లనుండి వచ్చినవారు నెలదినములు గట్టుమీద పాక వేసికొందురు. 2011 జనాభా లెక్కలలో ఉమ్మడి కృష్ణాజిల్లా జనసంఖ్య 45,17,398. 2022 ఏప్రిలు 4 న ఆ జిల్లాను విడదీసి విజయవాడ కేంద్రముగా ఎన్.టి.ఆర్. జిల్లా నేర్పఱచిరి, దివిసీమ మచిలీపట్టణము కేంద్రమైన కృష్ణాజిల్లాలోనే నిలిచినది.

లెక్క యనునది వట్టి కాగితపు పని యనుకొనువారు 1977 నవంబరు 19 వ తేదీని గూర్చి తెలిసికొనవలెను. ఆనాడు శనివారము. తుపాను గాలితో గూడ సముద్రము సుమారు 5 మీటర్ల యెత్తున లేచి దివిసీమ దిగువ గ్రామములపై బడెను. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి మున్నగు తీరపు పల్లెలలో కొన్నిటికి గోడ యనునది మిగులలేదు. మృతుల సంఖ్య 10 వేలని యొక లెక్క, 14 వేలకు పైబడెనని యింకొక లెక్క. ఇన్ని సంవత్సరములైనను ఈ రెండంకెల నడుమ తేడా తీఱలేదు. ఏల తీఱును? కుటుంబము యావత్తు పోయిన యింట లెక్క చెప్పువారెవ్వరు? బ్రతుకుతెరువునకు వచ్చి గట్టున పాక వేసికొన్నవాని పేరు ఏ యూరి పట్టీలో దొరకును? అంతకు ముందు 1864 నవంబరు 1 న మచిలీపట్టణపు తీరమున వచ్చిన ఉప్పెనలో ముప్పదివేలమంది పోయిరని చెప్పుదురు; అప్పటికి దేశమున క్రమమైన జనగణనయే లేదు, 1871–72 లో గాని మొదలు కాలేదు. 1977 నాటికి జనగణనకు నూఱేండ్లు నిండినవి. అయినను తీరపు పాకల లెక్క తేలలేదు.

ఆ విపత్తులో దివిసీమకు శాసనసభ్యుడును, రాష్ట్ర మంత్రియునైన మండలి వెంకట కృష్ణారావుగారు సహాయ కార్యములకు ముందు నిలిచిరి. తరువాత తీరమున తుపాను రక్షణ గృహములను కట్టిరి. వానిని జనులు షెల్టర్లనియే పిలుతురు. హెచ్చరిక వచ్చినప్పుడు ఏ యూరివారు ఏ షెల్టరునకు పోవలెనో ముందుగా నిర్ణయించు పద్ధతి వచ్చెను. 1990 మే 9 న కృష్ణ సంగమ ప్రాంతముననే మఱియొక పెనుతుపాను తీరము దాటెను. గాలి తక్కువ కాదు. కాని లక్షకు మించిన జనమును ముందే తరలించుటచేత ఆ తుపానులో పోయిన ప్రాణములు వేయికి లోపుగానే యుండెను. ఇందు రేడియో, టెలిఫోను, వాతావరణశాఖ చేసిన మేలు గలదు. అయితే బండి గాని పడవ గాని పంపవలెనన్న, ఆ దిబ్బమీద ఎన్ని గడపలున్నవో, నడువలేని వృద్ధులెందరో మొదట తెలియవలెను గదా! అది తెలిసినవాడు గ్రామమునందలి పంచాయతీవాడే గాని రాజధానిలోని యధికారి కాడు.

(ప్రక్కమాటగా నొక వ్యవసాయ విషయము. సముద్రపునీరు నిలిచిన పొలమును వెంటనే దున్ని విత్తరాదు. మంచినీరు కట్టి, మురుగు దిగునట్లు కాలువ తీసి, ఉప్పును పలుమాఱులు కడిగి, పిదప జీలుగు వేసి దున్నవలెను. మురుగు దిగని పొలమున ఎంత నీరు పెట్టినను ఉప్పు పోదు. మన యొద్ద ఉప్పెన రాదు గాని, చెరువు క్రింది పల్లపు మళ్లలో చవుడు తేలినచోట ఈ పద్ధతియే పనికివచ్చును.)

ఇప్పుడు పాలనమును గూర్చి. దివి పూర్వము మద్రాసు రాజధానిలో కృష్ణాజిల్లాకు చేరిన తాలూకా. అవనిగడ్డ దాని ముఖ్యస్థానము. చల్లపల్లి జమీందారీ ఈ సీమలోనిదే. ఊరిలో మునసబు, కరణము వంశపారంపర్యముగా నుండిరి. జిల్లాలో 1884 నాటి స్థానిక బోర్డుల చట్టము, పిదప 1920 నాటి చట్టములు వచ్చినవి. మనము నైజాము రాజ్యమున పటేలు, పట్వారీల చేతిలో నున్న కాలమది. 1956 లో రెండు ప్రాంతములును ఒక్క రాష్ట్రమైన పిదప 1959 లో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు ఏర్పడినవి. 1964 లో గ్రామ పంచాయతీలకు ఇరుప్రాంతములకు నొకే చట్టము వచ్చినది. 1984 లో మునసబు కరణముల పదవులు పోయినవి. 1985 లో తాలూకాలు పోయి మండలములు వచ్చినవి. 73 వ రాజ్యాంగ సవరణము 1993 ఏప్రిలు 24 నుండి అమలులోనికి రాగా, 1994 లో ఆంధ్రప్రదేశ పంచాయతీరాజ్ చట్టము చేసిరి. దివిలో నేటికిని ఆ చట్టమే మూలము. మనకు 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టము.

ఈ చట్టములలో దేనిని విప్పి చూచినను మూలస్తంభము ఒక్కటే: కడపటి జనగణన యంకె. పంచాయతీకి వార్డు సభ్యులెందరన్నది ఆ యంకెనుబట్టియే. మిక్కిలి చిన్న పంచాయతీకి 5 గురు, మిక్కిలి పెద్దదానికి 21 మంది. షెడ్యూల్డు కులములకు, షెడ్యూల్డు తెగలకు కేటాయించు స్థానములు వారి జనసంఖ్య పాలునుబట్టియే. 15 వ ఆర్థికసంఘము 2021 నుండి 2026 వఱకు పంచాయతీల కిచ్చిన గ్రాంటులను రాష్ట్రములకు పంచుటలో నూటికి 90 పాళ్లు జనసంఖ్యకును, 10 పాళ్లు విస్తీర్ణమునకును లెక్కించిరి. ఆ జనసంఖ్య 2011 నాటిది. ఆ గ్రాంటులో నూటికి 60 పాళ్లు త్రాగునీటికిని పారిశుద్ధ్యమునకును మాత్రమే వెచ్చింపవలెను. ఆంధ్రప్రదేశమున 2019 అక్టోబరు 2 న నెలకొల్పిన గ్రామ సచివాలయములు సైతము సుమారు 2,000 జనమునకు ఒకటి చొప్పున ఏర్పడినవి.

తలకొక పాలు చొప్పున పంచుట ధర్మముగానే తోచును. మెట్టనేలను ఒక్కచోట గుమిగూడిన గ్రామమునకు అది చక్కగా సరిపోవును కూడ. దీవి విషయమున చూడుడు. వేయిమంది గల గ్రామము అవనిగడ్డ ప్రక్కనున్నచో ఒక నీళ్లట్యాంకి, ఒక గొట్టపుమార్గము, ఒక బడి చాలును. ఆ వేయిమందియే ఏటికి ఆవల మూడు దిబ్బలమీద విడివిడిగా నున్నచో మూడు ట్యాంకులు, మూడు బడులు, నడుమ పడవలు కావలెను. ఇటుక, ఇసుక, సిమెంటు పడవమీద పోవలెను. అంచనా వ్రాయునప్పుడు ఆ కూలి మొదట మఱచి, పని నిలిచిన పిదప జ్ఞప్తికి తెచ్చుకొందురు. ప్రసవమునకు తీసికొనిపోవు స్త్రీకి రేవుయొద్ద ఆటుపోటులు అడ్డు. జనసంఖ్య యంకె తలలనే లెక్కించును గాని తలకును తలకును నడుమ నున్న నీటిని లెక్కింపదు. విస్తీర్ణమునకు విడిచిన పదిపాళ్లు ఆ లోటును పూడ్చజాలవని మా యభిప్రాయము. నీటిచే వేఱుపడిన ఊళ్లకు జనసంఖ్యతో నిమిత్తము లేక కొంత సొమ్ము కేటాయించు సూత్రము కావలెను.

ఇంకొక చిక్కు గలదు. రెవిన్యూ గ్రామము వేఱు, పంచాయతీ వేఱు, మనుష్యులు నివసించు పల్లె వేఱు. జనగణన పుస్తకమున సామాన్యముగా రెవిన్యూ గ్రామము పేరే అచ్చగును. దానిలోని శివారు పల్లెల యంకెలు అందులో కలిసిపోవును. దిబ్బమీది పల్లె పేరు పుస్తకమున కనబడనిచో, ఆ పేరిట బడి గాని, నీళ్ల పథకము గాని, షెల్టరు గాని అడుగునప్పుడు మీరెందరన్న ప్రశ్నకు చూపదగిన కాగితము వారియొద్ద లేకపోవును.

నేలయు నట్టిదే. లంకభూమి ఏటేట మాఱును. ఒక యొడ్డు కోసికొనిపోయి వేఱొకచోట మేట వేయును. కృష్ణా గోదావరీ జిల్లాలలో ప్రభుత్వపు లంకభూములను వ్యవసాయ కూలీల సహకార సంఘములకు కౌలు కిచ్చు పద్ధతి యుండెను. సహకారులమైన మనకు ఇది తెలియదగిన విషయము: విడిగా పోయి పాట పాడలేని కూలీలు సంఘముగా చేరి భూమి పొందిరి. పట్టాభూములలోనైతే దివిసీమ వరి చాలవఱకు కౌలుదారుల చేతులలో పండుచున్నది. 2019 నాటి పంటసాగుదారుల హక్కుల చట్టము క్రింద వారికి 11 నెలలకు హక్కుపత్ర మిత్తురు గాని దానికి భూస్వామి సమ్మతి సంతకము కావలెను. సంతకము దొరకనివాడు పంట పోయినప్పుడు పట్టీలో నుండడు. ఊరిలో నున్నవాడు పుస్తకమున లేడు, పుస్తకమున నున్నవాడు పట్నమున నుండును.

మన మండలమునకు వత్తము. మనకు ఏటిపాయలు లేవు. కాని వర్షకాలమున వాగు పొంగి మూడుదినములు దారి తెగెడి గూడెము ఆ మూడుదినములును దీవి కాక మఱేమి? 2018 లో చట్టము మాఱినప్పుడు 500 జనసంఖ్య గల తండాలను, గూడెములను ప్రత్యేక పంచాయతీలుగా చేయగా తెలంగాణమున పంచాయతీల సంఖ్య 12,751 కి పెరిగినది. పెద్దయూరి పంచాయతీలో ఒక మూల వార్డుగా నుండిన తండాకు తన సర్పంచి, తన తీర్మానము, తన ఖాతా వచ్చినవి. ఇది మంచి మార్పే. ఆదాయము లేని చిన్న పంచాయతీ కరెంటు బిల్లునకే తడుముకొనుట కూడ నిజమే. అయినను తలకొక పాలు లెక్కలో దూరపు పల్లె పెద్దయూరి నీడన నుండుటకంటె తన యంకె తాను చూపగలుగుట మేలని మేము తలంతుము. నదీముఖపు దిబ్బలవారు పడవ నెక్కి పోయి అడుగుచు వచ్చినది ఇట్టిదే.

2021 లో జరుగవలసిన జనగణన జరుగలేదు. తరువాతిదానికి 2027 మార్చి 1 వ తేదీని ప్రమాణదినముగా ప్రకటించి, ఇండ్ల పట్టీ వ్రాయుటకు 2026 ఏప్రిలు మొదలు సెప్టెంబరు వఱకు గల నెలలలో ముప్పది దినములను, మనుష్యులను లెక్కించుటకు 2027 ఫిబ్రవరిని నిర్ణయించిరి. గ్రామపు హద్దులలో మార్పు లేవైన నున్నచో 2025 డిసెంబరు 31 లోపల ముగింపవలెనని రాష్ట్రములను కోరిరి. ఈసారి కులమును కూడ వ్రాయుదురు. 2011 యంకెలకు బదులు ఈ క్రొత్త యంకెలు వచ్చిన పిదప వార్డులు, కేటాయింపులు, గ్రాంటులు వానినిబట్టి నడచును. కావున సభ్యులు తమ తండా లేక గూడెము పేరు ఇండ్ల పట్టీలో విడిగా పడినదా, ప్రక్కయూరిలో కలిసిపోయినదా యని లెక్కగానిని అడిగి చూడవలెను. పత్తి, మిరప కోతలకు పైయూళ్లకు పోవువారు, ఫిబ్రవరిలో లెక్కగాడు వచ్చునాటికి తామెచ్చట నుందురో ఇంటి పెద్దకు చెప్పి పోవలెను. పొలములో పాక వేసికొని యుండు కుటుంబములను, ఇటుకబట్టీలకు వచ్చినవారిని లెక్కగానికి చూపుట ఆ పొలము గలవారి పని. ఊరి పెద్దలు ఇంటి నంబరు లేని గుడిసెలను ముందుగానే గుర్తించి, ఏ వాగునకు ఆవల ఎన్ని గడపలున్నవో వ్రాసి పంచాయతీ కార్యదర్శి కొక ప్రతి యిచ్చి, రెండవ ప్రతిని సంఘము కార్యాలయములో నుంచినచో, రాబోవు వానకాలమున వాగు దాటి మందులు, బియ్యము పంపవలసిన దినమున అదియే చాలును.